తెచ్చేవారి పేరు

దోహా, గరాఫా
సెప్టెంబరు 6, శుక్రవారం
తెచ్చేవారు: ఇమామ్ (పుల్లంపేట)

లూర్దక్కకు నారాయణప్ప నమస్కారాలు.

నేను బాగున్నానని మొదలుపెట్టాలి. రాయబోతే చెయ్యి సాగలేదు. అందుకని ఆ వాక్యం వదిలేస్తున్నాను.

టెన్త్ పరీక్ష తర్వాత ఇంత పొడుగు నేనెప్పుడూ రాయలేదు. నా అక్షరాలు చూసి నవ్వుకో, పర్వాలేదు. ఫోన్ లేదక్కా, మన యజమాని బాబా తీసుకున్నాడు. కారు డ్యూటీకని మీటల ఫోన్ ఒకటి ఇచ్చారు. అందులో ఇంటివాళ్ళ నంబర్లే ఉన్నాయి, ఎవరికి చేసినా సాయంత్రం లెక్క చెప్పాలి. పైన తెచ్చేవారి పేరు రాశాను చూడు. నువ్వు ఈ ఇంట్లో పనిచేసినప్పుడు అందరి చేతా అలాగే రాయించేదానివి. జాబు ఎవరి చేతుల మీదుగా వస్తోందో తెలియాలనేదానివి. అది మర్చిపోలేదు.

సంగతి రమీజాది. నీ వీధి పిల్ల, నువ్వే మాట చెప్పి ఈ ఇంటికి పంపిన పిల్ల. బాబా వాళ్ళమ్మను, పెద్ద మామాను, రెండేళ్ళుగా తనే చూసుకుంటోంది. జూన్‌కు రెండేళ్ళు నిండాయి. లీవు మూడుసార్లు వాయిదా వేశారు. ముసలామె వేరే చేత్తో పెడితే తినడం లేదని ఒకసారి, బక్రీద్ అని ఒకసారి, ఇంకో మనిషి దొరకలేదని ఇంకోసారి. ఆగస్టులో మేడమ్ మళ్ళీ "చలికాలం అయ్యాక చూద్దాం" అన్నది. అదే రోజు రమీజా చేతిలో గాజు పళ్ళెం జారి పగిలింది. మేడమ్ చెంప మీద కొట్టింది. ఆ పిల్ల గదిలోకి పోయి, ఏడుస్తా ఏడుస్తా, ఫోన్‌లో మాట పంపింది. కూతుర్ని చూడాలని ఉందనీ, ఇంక తట్టుకోలేననీ.

ఆ మాట మన కడపోళ్ళ వాట్సాప్ గ్రూపులో పడింది. నాలుగు వందల మంది ఉన్న గ్రూపు. పెట్టింది జహాంగీర్ అని ట్యాక్సీ నడిపేవాడు. అతనికి ఎట్లా చేరిందో ఏమో. అరగంటలో కువైట్ పోయింది, తెల్లారేసరికి మన ఊరు పోయింది. ఎవడో యూట్యూబ్ ఛానెల్ వాడు ఎవరో ఆడమనిషి వాచిన మొహం ఫోటో అతికించి, గదిలో పెట్టి తాళం వేశారనీ, మూడు రోజులుగా తిండి లేదనీ చదివాడు. బాబా ఆఫీసులో ఎవరో దాన్ని అరబ్బీలోకి మార్చి ఆయనకు వినిపించారు.

బాబా అందర్నీ నిలబెట్టి అడిగాడు. రమీజా తల వంచుకుని "నేనే మాట్లాడినా. ఊళ్ళో మా అన్నకు పంపినా" అన్నది. ఇంటి పరువు తీసిందని కేసు పెడతానంటున్నాడు. గేటు దాటనివ్వడం లేదు. పాస్‌పోర్ట్ బీరువాలో ఉంది.

వాళ్ళమ్మకు చెప్పు, పిల్ల తింటోంది, తాళం ఏమీ లేదు. ఆ ఒక్క దెబ్బ నిజం. మిగతాది అబద్ధం.

నీ తమ్ముడు
నారాయణప్ప


రాజంపేట
సెప్టెంబరు 14
తెచ్చేవారు: జానీ (లీవు అయిపోయి వస్తున్నాడు)

తమ్ముడు నారాయణప్పకు,

నీ జాబు నాలుగో రోజుకు అందింది. నవ్వలేదు. ఆ మాట మాత్రం నీ జాబు కంటే పది రోజుల ముందే వచ్చి మా వీధిలో కూర్చుంది. చికెన్ అంగడి వాడు పెద్దగా పెట్టుకుని వింటున్నాడు. కూరగాయలమ్మే ఆమె నా చేతికే ఫోన్ ఇచ్చి "మీ దుబాయ్ పిల్లంటమ్మా, విను" అన్నది. ఖతర్ అని చెప్పే ఓపిక కూడా నాకు లేకపోయింది.

రమీజా వాళ్ళమ్మ మంచం దిగలేదు. పాపను బడిలో "మీ అమ్మను రూములో ఏసి తాళం పెట్టినారంట గదా" అని అడిగారట. తొమ్మిదేళ్ళ పిల్ల ఏం చెబుతుంది. నాలుగు రోజులుగా బడికి పోవడం లేదు. నీ జాబు తీసుకుపోయి నేనే చదివి వినిపించాను. "ఆ ఒక్క దెబ్బ నిజం" అన్న చోట ఆ తల్లి నన్ను ఆపి, మళ్ళీ చదవమన్నది. ఒక్క దెబ్బ అని నువ్వు రాసినంత తేలిగ్గా ఆమె వినలేదు నాయనా. నేనూ వినలేదు.

ఛానెల్ వాణ్ణి వెతుక్కుంటూ బస్టాండు దగ్గరికి పోయాను. మొబైల్ రిపేరు అంగడి వెనక కూర్చుని ఉన్నాడు. తీసెయ్ నాయనా అంటే, "లక్షా ఎనభై వేల మంది చూసినారమ్మా, ఇప్పుడు తీస్తే యెట్ల" అన్నాడు. పైగా, నువ్వు పాతకాలం గల్ఫ్ మనిషివి కదా, నాలుగు మాటలు మాట్లాడు, మైకు పెడతానన్నాడు. నాలుగు మాటలు మాట్లాడాను. అవి వాడు ఛానెల్‌లో పెట్టుకోలేడు.

ఇప్పుడు నువ్వు జవాబు రాయాల్సిన సంగతి ఒకటుంది. ఆ మాట నేను మూడుసార్లు విన్నాను. మొదట్లోనే ఉంది: "అన్నా, నీకొక్కనికే చెప్తాండా. ఎవురికీ చెప్పాకు." ఊళ్ళో అన్నకు పంపానని ఆ పిల్ల బాబాకు చెప్పిందని రాశావు. రమీజాకు అన్న లేడు. ఆ ఇంట్లో ముగ్గురూ ఆడపిల్లలే.

ఎవరా అన్న?

లూర్దమ్మ


దోహా, గరాఫా
సెప్టెంబరు 27, శుక్రవారం
తెచ్చేవారు: గయాజ్ (నందలూరు)

లూర్దక్కకు,

జానీ జాబు ఇచ్చాడు. కారులోనే కూర్చుని చదివాను. నువ్వు అడిగినదానికి తర్వాత రాస్తాను. ముందు ఇక్కడి పరిస్థితి విను.

బాబా కేసు కాగితం టైపు చేయించాడు. అది కారులో, నా పక్క సీటు ముందున్న అరలో ఉంది. రోజూ ఆ అర తెరిచి టిష్యూ డబ్బా తీసిస్తాను. ఆ కాగితం చేతికి తగులుతుంది. నిన్న వెనక సీట్లోంచి అడిగాడు, "నారాయన్, పంతొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నావు. నీకు ఏమీ తెలియదా?" అని. అద్దంలో ఆయన కళ్ళు కనబడుతున్నాయి. పచ్చ సిగ్నల్ పడింది. నేను బండి కదిలించాను.

రమీజాకు నేను ఎదురుపడడం లేదు. పొద్దున వంటింటి కిటికీలోంచి నాకు టీ ఇచ్చేది తనే. ఇప్పుడూ ఇస్తోంది. ముందు "అన్నా, చక్కెర చాలా" అని అడిగేది. ఇప్పుడు గ్లాసు పెట్టి వెళ్ళిపోతుంది. తిట్టినా బాగుండు.

ఒక ఆలోచన ఉంది. వాళ్ళమ్మ చేత "నా కూతురు బాగుంది, బాబా మంచోడు" అని వీడియో చేయించు. దాన్ని గ్రూపులో వేయిద్దాం. అది తిరిగి తిరిగి బాబా దాకా పోతుంది. ఆయన మనసు మెత్తబడుతుంది. జహాంగీర్ కూడా అదే అంటున్నాడు. అతను ఆ ఆడియో గ్రూపులోంచి తీసేశాడు కూడా. కానీ అక్కా, అది ఇప్పుడు తొంభై గ్రూపుల్లో ఉందట.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మీ కాలంలో జాబులు చేతులు మారేవని నువ్వు చెప్పే టైలరంగడి వెతికాను. ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఊరు పోయేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే వింతగా చూశారు. ఒకడు, "ఏం పంపాల, కాగితమా? ఫోటో తీసి పంపరాదా" అన్నాడు. గయాజ్ దొరికేదాకా రెండు శుక్రవారాలు తిరిగాను.

ఆ వీడియో సంగతి చూడు.

నారాయణప్ప


రాజంపేట
అక్టోబరు 5
తెచ్చేవారు: సుధాకరరావు గారు (ముషైరిబ్‌లో ఇంజనీరు)

నారాయణప్పా,

వీడియో గీడియో నా దగ్గర అనవద్దు. ఆ తల్లి చేత అబద్ధం చెప్పించి ఇంకో లక్ష మందికి చూపించాలా? ఒకసారి కాలిన చోట మళ్ళీ వాత పెడతావా?

సుధాకరరావు గారు పెద్ద చదువు చదివిన మనిషి, అత్తగారింటికి వచ్చి ఉన్నారు. జాబు ఇస్తే, "అమ్మా, స్కాన్ చేస్తే ఇప్పుడే చేరుతుంది కదా" అన్నారు. ఇప్పుడే చేరడం నాకు అక్కర్లేదు, అతని చేతికే చేరాలి అన్నాను. ఏమనుకున్నారో కానీ, జేబులో పెట్టుకున్నారు.

నువ్వు "తర్వాత రాస్తాను" అని రాశావే, అదే జవాబు. ఆ అన్న నువ్వే. రమీజా చెంప వాచిన రోజు మాట చెప్పుకున్నది నీకు. గుండె బరువు దించుకుందామని ఆ పిల్ల నిన్ను నమ్మింది. ఇప్పుడు నీ పేరు చెప్పకుండా, లేని అన్నను పుట్టించి, నిన్ను కాపాడుతోంది. నువ్వు టీలో చక్కెర సంగతి రాస్తున్నావు.

కోపంగా రాస్తున్నాను. పాతకాలమైతే ఈ జాబు మూడు రోజులు తలగడ కింద ఉండేది. ఎవరైనా ఊరు పోయేదాకా పెట్టుకునేవాళ్ళం. ఈలోపు కోపం తగ్గి, సగం జాబులు మేమే చించేసుకునేవాళ్ళం. బిస్కెట్ల డబ్బాలో పెట్టి టైలరు మిషను కింద ఉంచేదాన్ని. పన్నెండు మంది ఆడవాళ్ళకు రాసేది నేనొక్కదాన్నే. రాశాక చదివి వినిపించి, శుక్రవారం మళ్ళీ అడిగేదాన్ని, పంపనా, చించనా అని. చాలామంది చించమనేవాళ్ళు.

అంత జాగ్రత్తగా ఉన్నదాన్ని కదా, ఒకసారి నేనూ తప్పు చేశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళయింది, ఎవరికీ చెప్పలేదు. నస్రీన్ అని చిట్వేలు పిల్ల. మొగుడు రెండో పెళ్ళి చేసుకుంటున్నాడని విని, వాళ్ళమ్మకు రాయించింది. రాయకూడని మాటలన్నీ రాయించింది. ఆ రోజే ఒకతను బయలుదేరుతున్నాడు. శుక్రవారం దాకా ఆగుదామన్నది నస్రీన్. మంచి మనిషి దొరికాడు కదా అని, ఆమెతో చెప్పకుండా నేనే అతని చేతికిచ్చాను. కవరు అంటించలేదు. చేతికిచ్చే జాబు అంటిస్తే తెచ్చేవాణ్ణి నమ్మనట్టు ఉంటుందని అప్పట్లో మర్యాద. అతను దారిలో చదివాడు. ఊరి అరుగు మీద నలుగురికీ చదివి వినిపించాడు. నస్రీన్ మొగుడు నెల తిరగకముందే బిడ్డను తీసుకుపోయాడు.

"ఎవురు ఇచ్చినారు అక్కా నా జాబు" అని నస్రీన్ అడిగింది. డబ్బాలోంచి ఎవరో తీసుంటారు అన్నాను. నేను ఇచ్చింది ఒక్కడికే కదా, ఊరికంతా చదివింది వాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ఖతర్‌లో ఉన్న ఏడేళ్ళూ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నది. ఆ అబద్ధం నమ్మి తిన్నదో, తెలిసే తిన్నదో ఈ రోజుకీ తెలియదు. తర్వాత చనిపోయిందని విన్నాను. చెప్పడానికి ఇంక మనిషి లేదు.

నీకు ఇంకా మనిషి ఉంది. జరిగినది జరిగినట్టు రాయి.

లూర్దమ్మ


దోహా, గరాఫా
అక్టోబరు 18, శుక్రవారం
తెచ్చేవారు: ఫరీదుద్దీన్

అక్కా,

నాకే పంపింది.

గ్రూపులో పెట్టింది నేను కాదు. జహాంగీర్‌కు పంపాను, ఒక్కడికే. పోయినేడు క్యాంపులో జీతం అందక చిక్కుకున్న మనిషిని గ్రూపులో అడిగి అడిగి మూడు రోజుల్లో ఇంటికి పంపించారు. జహాంగీర్‌కు మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు తెలుసు. వాళ్ళు వచ్చి బాబాతో మాట్లాడతారనుకున్నాను. "ఎవరికీ చూపించవద్దు, ఏం చెయ్యాలో చెప్పు" అని కూడా రాశాను. అతనూ ఇంకొకడికి అదే రాశాడట. ఒక్కడికే పంపానని ఇప్పుడు అందరూ అంటున్నారు.

నువ్వు నస్రీన్ సంగతి రాసిన కాగితం చదివాక రెండు రోజులు అన్నం పోలేదు.

ఇంకొకటి రాయాలి, ఇది అసలుది. బాబా రోజూ నాలుగు గంటలు నా కారులో కూర్చుంటాడు. ఆఫీసుకు, స్నేహితులు కూర్చునే మజ్లిస్‌కు, తోటకు. ఎన్ని మాటలు మాట్లాడుకుంటామో నీకు తెలుసు. వాళ్ళబ్బాయి పెళ్ళి సంగతి నాకే ముందు చెప్పాడు. "బాబా, ఆ పిల్లకు రెండేళ్ళు నిండాయి, చెంప మీద దెబ్బ పడింది, ఇంటికి పంపండి" అని నేను ఒక్కసారి వెనక్కి తిరిగి అనుంటే సరిపోయేది. అనలేదు. ఆయన మొహం మాడ్చుకుంటాడని భయం. నా పని పోతుందని భయం. ఫోన్ తీసి, వేలితో నొక్కి, ఇంకెవరో వచ్చి మాట్లాడతారని కూర్చున్నాను. ఫోన్ ఇచ్చే ముందు అవన్నీ చెరిపేశాను. చెరిపేటప్పుడు ఒక్క క్షణం ఆగలేదక్కా. అదీ రాస్తున్నాను.

బాబా టర్కీ పోయాడు. నవంబరు ఒకటిన వస్తాడు. మూడో తేదీ ఆదివారం రమీజాను పోలీసు స్టేషన్‌కు తీసుకుపోవాలని నాకు డ్యూటీ రాయించాడు. నేనే నడపాలి. ఆమె వెనక కూర్చుంటుంది.

నిజం చెబితే కేసు నా మీదికి తిరుగుతుంది. నా కూతురు నర్సింగ్ రెండో ఏడు. ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఫరీదుద్దీన్ చేతికి ఇచ్చేటప్పుడు కవరు అంటించాను, ఏమీ అనుకోవద్దు.

నారాయణప్ప


రాజంపేట
అక్టోబరు 23
తెచ్చేవారు: కామ్రాన్ (ఈ రాత్రే చెన్నై నుంచి విమానం)

నారాయణా,

కామ్రాన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, గబగబా రాస్తున్నాను.

నీ కూతురి సంగతి నాకు తెలుసు. రమీజాకూ ఒక కూతురుంది, అది బడి మానేసి నలభై రోజులు. అంతకంటే నేను చెప్పేది లేదు.

బాబా వచ్చేదాకా ఆగవద్దు. పెద్ద మామా దగ్గరికి పో. ఆ దెబ్బ సంగతి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఇంట్లో ఆమెకు చెడ్డ కబురు చెప్పరు, నా కాలం నుంచీ అంతే. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక గావా కాఫీ తాగుతుంది. అప్పుడు పో. ఎడమ చెవి వినబడదు, కుడి పక్కకు పోయి కింద కూర్చో. లూర్దా సలాం చెప్పిందని మొదలుపెట్టు. ఆమె నా గురించి రెండు మాటలు అంటుంది, అననివ్వు. తర్వాత చెప్పు. రమీజా సంగతి ముందు, నీ తప్పు తర్వాత. రెండూ చెప్పాలి. ఒకటి చెప్పి లేచి రావద్దు.

మా రోజుల్లో ఏ పిల్లకైనా లీవు ఆపితే, మాలో ఒకరం పోయి అలాగే ఆమె ముందు కూర్చునేవాళ్ళం. భయం మాకూ ఉండేది. ఇంకెవరికైనా పంపుదామంటే మాకు ఇంకెవరూ లేరు. అందుకే ఎదురుగా ఉన్న మనిషికే చెప్పుకున్నాం.

కామ్రాన్ టైం అయిందంటున్నాడు.

లూర్దమ్మ


దోహా, గరాఫా
నవంబరు 15, శుక్రవారం
తెచ్చేవారు: రమీజా

అక్కా,

ఈ సాయంత్రం ఈ జాబు రమీజా చేతికి ఇవ్వబోతున్నాను. తీసుకుంటుందో లేదో తెలియదు. నువ్వు చదువుతున్నావంటే తీసుకున్నట్టే. కవరు అంటించడం లేదు. ఆమెకు చదవడం రాకపోయినా, ఎవరి చేతనైనా చదివించుకోవచ్చు. ఇందులో ఆమె వినకూడనిది ఏమీ లేదు.

కామ్రాన్ నీ జాబు ఇరవై అయిదున ఇచ్చాడు. అయిదు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ముప్ఫై ఒకటిన, గురువారం, అసర్ అయ్యాక పోయాను. రమీజా గావా పోస్తోంది. నన్ను చూసి బయటికి పోబోతే, ఉండమన్నాను. కుడి పక్కన కూర్చుని నీ సలాం చెప్పాను. మామా నవ్వింది. లూర్దా చేసిన హరీస్ లాంటిది మళ్ళీ తినలేదు, కానీ నోరు మాత్రం కత్తి అన్నది. సరే, అననిచ్చాను.

తర్వాత చెప్పాను. లీవు మూడుసార్లు ఆపడం, పళ్ళెం, దెబ్బ. నాకు వచ్చిన అరబ్బీలోనే. ఆమె గావా గిన్నె కింద పెట్టి, రమీజా చెయ్యి పట్టుకుని, "నిజమా?" అని అడిగింది. రమీజా తలూపింది. "దెబ్బ తిన్నాక రెండు నెలలుగా నా నోటికి అన్నం పెడుతున్నావు, నాకెందుకు చెప్పలేదు?" అన్నది. అప్పుడు రెండోది చెప్పాను. ఆ మాట నాకు చెప్పుకున్నదే, బయటికి పంపింది నేను, ఈ పిల్ల నన్ను కాపాడడానికి అబద్ధం ఆడింది అని. మామా రమీజా చెయ్యి వదలకుండానే, "లూర్దా ఉంటే ఆ రోజే వచ్చి నాకు చెప్పేది" అన్నది, అంతే.

బాబా వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి నేనే తీసుకొచ్చాను. ఇంటి గేటు ముందు బండి ఆపి, వెనక్కి తిరిగి, ఆయనకూ చెప్పాను. ఆయన అరవలేదు. అరిస్తే తేలిగ్గా ఉండేది. "పంపినందుకు క్షమించేవాణ్ణేమో. రెండు నెలలు ఈ అద్దంలో నన్ను చూస్తూ బండి నడిపావు" అన్నాడు. దిగి లోపలికి పోయాడు. మామా ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మర్నాడు కారు అరలో ఆ కాగితం లేదు. మేడమ్ నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. రమీజాకు మాత్రం పాస్‌పోర్టు తనే తెచ్చి ఇచ్చింది, పాప కోసమని ఒక బట్టల సంచీ కూడా. చెంప సంగతి మాత్రం ఎత్తలేదట. మామా దగ్గరికి నేపాల్ మనిషి వచ్చింది. ముసలామె రెండు రోజులు తినక మొండికేసి, మూడో రోజు తిన్నది.

నా మీద కేసు పెట్టలేదు. కానీ ఇంటి కారు నాకు లేదు. అల్ ఖోర్ క్యాంపు నుంచి రాస్ లఫాన్‌కు గ్యాస్ ప్లాంటు కూలీల షిఫ్టు బస్సు నడపాలి. వీసా మారుస్తారట. రేపటి నుంచి క్యాంపులోనే ఉంటాను. ఈ రోజు రమీజాను ఎయిర్‌పోర్టుకు దింపడం ఈ ఇంట్లో నా చివరి డ్యూటీ.

ఫోన్ తిరిగి ఇచ్చారు. మొదట చేసిన పని, గ్రూపులో నా పేరుతో నా గొంతుతో మాట పెట్టాను. ఆ పిల్ల నాకే చెప్పుకున్నది, నేను పంపాను, తాళం అబద్ధం, తిండి అబద్ధం, ఆమెను వదిలెయ్యండి అని. నాలుగు వందల మందిలో ఏడుగురు బొటనవేలు పెట్టారు. ఆ మాటను ఎవరూ ఎవరికీ పంపలేదు. వారం రోజులు చూశాను.

రమీజాతో క్షమించు అని ఇంకా అనలేదు. కారులో అంటాను. వెనక్కి తిరిగి అంటాను.

నారాయణప్ప


రాజంపేట
నవంబరు 24
తెచ్చేవారు: ఇమామ్ (తిరిగి వస్తున్నాడు)
అల్ ఖోర్ క్యాంపులో నారాయణప్పకు

నాయనా నారాయణా,

జాబు అందింది. రమీజా శనివారం మధ్యాహ్నం దిగింది. పాపను ఒళ్ళోంచి దింపకుండా సాయంత్రం దాకా కూర్చుని, ఆ పిల్లను ఎత్తుకునే నా ఇంటికి వచ్చింది. బ్యాగులోంచి కవరు తీసి నా చేతికిచ్చింది. "అక్కా, ఇది నారాయణన్న ఇచ్చినాడు, దారిలో ఎవురికీ ఇయ్యలేదు" అన్నది. చదవమంటావా అని అడిగితే, చదవమన్నది. పైన తెచ్చేవారి పేరు దగ్గర తన పేరు విని నవ్వింది. తర్వాత నవ్వలేదు.

కారులో నువ్వు ఏమన్నావో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

పాప సోమవారం బడికి పోయింది, తల్లి గేటు దాకా పోయింది. ఛానెల్ వాడు మళ్ళీ వచ్చాడు, "తిరిగొచ్చిన మహిళ" అని తీస్తానని. రమీజానే తలుపు తీసింది. "తిండి బాగా పెట్టినారు, ఒక దెబ్బ కొట్టినారు, రెండూ రాసుకో" అన్నది. వాడికి అది పనికిరాలేదు. ఖాళీ మైకుతో పోయాడు. వీధిలో ఇంకా గుసగుసలు ఉన్నాయి. చికెన్ అంగడి వాడు తలెత్తి చూడడం లేదు, అంత వరకు మంచిదే.

బస్సు నడపడం కష్టమని రాయలేదు నువ్వు. నాకు తెలుసు, కష్టమే. రాస్ లఫాన్ దారిలో పొద్దున మంచు ఉంటుంది ఈ కాలంలో, మెల్లగా పో. మీ ఇంటికి పోయి నీ భార్యకు అన్నీ నేనే చెప్పాను, ఎవరి ఫోన్‌లోనో వినేకంటే నా నోట వినడం నయమని. ఏడ్చింది. తర్వాత నాకు అన్నం పెట్టింది.

నేనూ ఒక పని చేశాను. చిట్వేలు పోయి నస్రీన్ బిడ్డ ఎక్కడున్నాడో కనుక్కుని కలిశాను. నలభై ఏళ్ళ మనిషి, ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. మీ అమ్మ జాబు బయటికి ఇచ్చింది నేనేనని చెప్పాను. చేతిలో లెక్కల పుస్తకం మూశాడు. తర్వాత కుర్చీ వేసి, "మా అమ్మ యెట్లుండేది, చెప్పమ్మా" అన్నాడు. చీకటి పడేదాకా చెప్పాను.

ఈ కవరులో ఇంకో చిన్న కవరు ఉంది చూడు. అది రమీజాది. నిన్న వచ్చి, "ఫోన్‌లో మాట్లాడను, నువ్వు రాయి, నేను చెప్తా" అన్నది. చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించాను. మూడు రోజులు ఉంచుదామా, పంపనా, చించనా అని అడిగాను. పంపమన్నది. జిగురు తనే పూసి, తనే వేళ్ళతో నొక్కి అంటించింది. ఇమామ్ చేతికి కూడా తనే ఇస్తానని వాకిట్లో నిలబడి ఉంది.

అందులో ఏముందో నాకు తెలుసు. ఇక్కడ రాయను. మొదటి వాక్యం ఒక్కటి చెబుతాను, ఎందుకంటే ఆ వాక్యం నువ్వూ నేనూ లోకమంతా ముందే విన్నాం.

"అన్నా, నీకొక్కనికే చెప్తాండా."

బస్సు ఆపుకుని, ఒక్కడివే చదువు.

నీ అక్క
లూర్దమ్మ